మీరు చూసింది వాళ్ళ రెండో ఇల్లు

మీ అమ్మానాన్నలను అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక పార్కుకు తీసుకెళ్ళారు. అక్కడ రెండు వందల ఏళ్ళ నాటి దుంగల ఇల్లు ఒకటి ఉంది. మీ నాన్నగారు దాని మూల మీద చెయ్యి వేసి మూడు ప్రశ్నలు అడిగారు. ఒక్క మేకు లేకుండా ఇది ఎలా నిలబడింది? ఇంత చలిలో ఈ ఒక్క గదిలో ఒక కుటుంబమంతా ఎలా బతికింది? హాయిగా ఇటుకలతో కట్టుకోకుండా ఈ అవస్థ ఎందుకు? మీరు జవాబు చెప్పలేకపోయానని బాధపడుతూ రాశారు. బాధపడకండి. ఇక్కడ పుట్టి పెరిగినవారిలో చాలామంది కూడా చెప్పలేరు. మీ నాన్నగారు సరైన ప్రశ్నలే అడిగారు. సొంత ఊళ్ళో దగ్గరుండి ఇల్లు కట్టించిన మనిషి అని రాశారు కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను. ఇది చదివి వినిపించండి.

నేను స్ట్రక్చరల్ ఇంజనీరును. ఒహాయోకు వచ్చి ఇరవై ఆరేళ్ళు. గత పద్నాలుగేళ్ళుగా వారాంతాల్లో పాత దుంగల ఇళ్ళ మరమ్మతులకు వెళుతున్నాను. జీతం లేని పని. ఈ ఇళ్ళ మీద ప్రేమ కొద్దీ చేసే పని. ఇప్పటికి తొమ్మిది ఇళ్ళ అడుగు దుంగలు మార్చడంలో నా చెయ్యి ఉంది. మా తాతగారు వడ్రంగి. ఇంటి పంచలో ఆయన బాడిసతో దూలం చెక్కుతుంటే ఆ పక్కన కూర్చుని పేళ్ళు ఏరుకునేవాణ్ణి. ఇక్కడ మొదటిసారి ఓక్ దుంగను చెక్కుతున్న చప్పుడు విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పంచే.

అన్నిటికన్నా ముందు ఒక మాట. మీరు చూసింది ఈ అడవిలోకి వలస వచ్చిన రైతులు వేసుకున్న మొదటి ఇల్లు కాదు. మీరు పంపిన ఫోటోలో దుంగలు పలకలుగా చెక్కి ఉన్నాయి, మూలలు డవ్‌టెయిల్ (పావురం తోక ఆకారపు) గాళ్ళతో బిగించి ఉన్నాయి, రాతి పొగగొట్టం ఉంది, కిటికీకి అద్దాలు ఉన్నాయి. అది రెండో ఇల్లు. పొలం కాస్త సాగులోకి వచ్చి, పందులు పెరిగి, నాలుగు డాలర్లు చేతిలో ఆడాక కట్టుకున్నది. ఆ కాలపు మనుషులే ఈ రెంటికీ వేరు వేరు పేర్లు వాడారు. బెరడుతో సహా గుండ్రటి దుంగలు పేర్చి వేసింది క్యాబిన్. చెక్కిన దుంగలతో తీరిగ్గా కట్టింది లాగ్ హౌస్. మొదటివి నేలను ఆనుకుని ఉండి, పది పదిహేనేళ్ళలో పుచ్చిపోయాయి, లేదా కోళ్ళ గూళ్ళుగా, కట్టెల కొట్టాలుగా మారి మాయమయ్యాయి. ఈనాడు మిగిలి ఉన్నవి దాదాపు అన్నీ రెండోరకం. వాటిని చూసి మొదటి ఏళ్ళ బతుకును ఊహించుకుంటే చాలా తక్కువగా ఊహించుకున్నట్టే. మీ నాన్నగారికి ఆ చక్కటి ఇల్లే ఇరుకుగా, చలిగా అనిపించింది కదా. దానికి ముందుదాన్ని తలచుకోండి.

ఇటుకల ప్రశ్నను ముందు తీసుకుంటాను, ఎందుకంటే మిగతావన్నీ దానిలోంచే వస్తాయి. ఇటుక కావాలంటే మంచి మట్టి వెతకాలి, అచ్చు పోయాలి, ఆరబెట్టాలి, బట్టీ కాల్చాలి, సున్నం కాల్చాలి, తాపీ పనివాడు దొరకాలి. ఒక ఎండాకాలం దానికే పోతుంది. అడవిలో దిగిన కుటుంబానికి ఆ ఎండాకాలం మొక్కజొన్న వేసుకోవడానికి కావాలి. డబ్బు సంగతి చూడండి. 1800 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ భూమి ఎకరా 2 డాలర్లు, కనీసం 320 ఎకరాలు కొనాలి. అంటే 640 డాలర్లు. నాలుగో వంతు ముందు కట్టి, మిగిలింది నాలుగేళ్ళలో తీర్చాలి. చాలామంది తీర్చలేక భూములు పోగొట్టుకున్నారు. 1820లో అప్పు పద్ధతి తీసేసి ఎకరా ధర డాలరుం పావుకు, కనీస విస్తీర్ణం 80 ఎకరాలకు తగ్గించారు. 100 డాలర్లు రొక్కంగా చేతిలో ఉంటే పొలం మీదే. ఆ వంద కూడబెట్టడానికే ఏళ్ళు పట్టేది. ఉన్న ప్రతి డాలరూ నేల మీదికే పోయింది. ఇంటికి మిగిలింది చేతిలో గొడ్డలి, కళ్ళ ముందు అడవి. మేకులు, అద్దం, ఇటుక అన్నీ రొక్కం అడిగే వస్తువులు. దుంగ మాత్రం ఎటూ నరకాల్సిన చెట్టే. చెట్టు కొడితే పొలమూ తేలుతుంది, గోడా లేస్తుంది.

ఈ కట్టడం అమెరికాలో పుట్టింది కాదన్న సంగతి మీ నాన్నగారికి ఆసక్తిగా ఉండవచ్చు. 1607లో జేమ్స్‌టౌన్‌లో, 1620లో ప్లిమత్‌లో దిగిన ఇంగ్లీషువాళ్ళు దుంగల ఇళ్ళు కట్టలేదు. వాళ్ళకు ఆ విద్య తెలియదు. వాళ్ళ ఊళ్ళలో నేర్చినట్టే కర్ర చట్రం నిలబెట్టి, తడికెలు అల్లి, మట్టి మెత్తుకున్నారు. దుంగల మీద దుంగలు పేర్చే పద్ధతి 1638లో డెలావేర్ నది ఒడ్డున స్వీడన్ వేసిన వలసతో వచ్చింది. ఆ వలసలో చాలామంది అడవి ఫిన్నులు. వాళ్ళ సొంత దేశంలో వాళ్ళ సేద్యం ఎలాంటిదంటే, అడవి నరికి కాల్చి, ఆ బూడిదలో రై గింజలు చల్లి, రెండు మూడు పంటలు తీసి ముందుకు కదిలిపోవడం. మన మన్యంలో పోడు అన్నమాట. గొడ్డలి ఒక్కటి ఉంటే ఎక్కడైనా ఇల్లు వేసుకోగల మనుషులు. 1655లో ఆ వలస డచ్చివాళ్ళ చేతికి చిక్కింది. విద్య మాత్రం నిలిచింది. పెన్సిల్వేనియాలో జర్మన్లు తమ దుంగల పనిని దానికి తోడు చేశారు. 18వ శతాబ్దంలో ఉత్తర ఐర్లండ్ నుంచి వచ్చిన స్కాట్స్-ఐరిష్ కుటుంబాలు దాన్ని అందిపుచ్చుకుని అపలాచియన్ కొండలు దాటాయి. 1775లో డేనియల్ బూన్ అనే వేటగాడి బృందం కంబర్లాండ్ కనుమ మీదుగా కెంటకీకి దారి కొట్టాక ఆ దారంతా ఇవే ఇళ్ళు లేచాయి.

ఒక తేడా గమనించాలి. ఫిన్నులు తమ ఊళ్ళలో పై దుంగ కింద పొడవునా గాడి తొలిచి, కింది దుంగ మీద సందు లేకుండా కూర్చోబెట్టి, మధ్యలో నాచు కూరేవారు. గట్టి పని, నెమ్మది పని. అమెరికాకు వచ్చాక ఆ గాడి వదిలేశారు. దుంగకూ దుంగకూ మధ్య మూడు నాలుగు అంగుళాల సందు వదిలి, తర్వాత చెక్క పేళ్ళూ రాళ్ళూ కూరి మట్టి మెత్తడం మొదలుపెట్టారు. గోడ సగం వేళలో లేచేది. మీ నాన్నగారు చూసిన ఆ తెల్లటి చారలు ఎందుకు ఉన్నాయంటే, ఆ తొందర వల్ల. చలికాలం తరుముకొస్తుంటే చేసిన పని అది.

ఇక మేకుల సంగతి. గోడకు మేకు అవసరమే లేదు. ఇరవై అడుగుల పొడవు, అడుగు మందం ఉన్న పచ్చి ఓక్ దుంగ నాలుగు వందల కిలోలు దాటుతుంది. అలాంటివి గోడకు ఎనిమిదో తొమ్మిదో ఒకదాని మీద ఒకటి కూర్చుంటే ఆ బరువే బిగింపు. ఆ బరువు పక్కకు జారకుండా చూడటం మూల గాడి పని. మొదటి క్యాబిన్లలో దుంగకు పై నుంచో కింది నుంచో గిన్నెలా తొలిచిన గాడి ఉండేది. గొడ్డలితో కొన్ని నిమిషాల పని. దాని లోపం ఏమిటంటే, గిన్నె పైకి తిరిగి ఉంటే వాన నీళ్ళు అందులో నిలిచి మూల పుచ్చుతుంది. మీరు చూసిన డవ్‌టెయిల్ గాడిని మళ్ళీ వెళ్ళినప్పుడు దగ్గరగా చూడండి. దాని పై తలం వాలుగా ఉంటుంది. ఆ వాలు రెండు పనులు చేస్తుంది. పై దుంగ బరువు పడేకొద్దీ మూల లోపలికి బిగుసుకుంటుంది, బయటికి జారదు. నీటి చుక్క లోపల ఆగకుండా బయటికి దిగిపోతుంది. సమ్మెట, ఉలి, కంటి అంచనా తప్ప ఏమీ లేని మనిషి ఈ రెండూ ఒకే కోతలో సాధించాడు. నేను కంప్యూటర్ మీద ఉక్కు కీళ్ళు లెక్క కట్టి జీవితం గడిపినవాణ్ణి. ఆ మూల ముందు నిలబడ్డ ప్రతిసారీ చేతులు జోడించాలనిపిస్తుంది.

ఇంకో తెలివి తలుపు దగ్గర ఉంది. పచ్చి కలప ఎండితే అడ్డంగా కుంచించుకుంటుంది, పొడవులో దాదాపు కుంచించుకోదు. అందుకే దుంగల గోడ పొడవు అలాగే ఉండి ఎత్తు తగ్గుతుంది. పచ్చి దుంగలైతే అడుగుకు అర నుంచి ముప్పావు అంగుళం దాకా దిగుతుంది. ఎనిమిది అడుగుల గోడ నాలుగు నుంచి ఆరు అంగుళాలు కుంగిందంటే తలుపు చట్రం ఏమవుతుందో మీ నాన్నగారికి చెప్పనక్కర్లేదు. వాళ్ళకు ఈ లెక్కలు లేవు, కానీ సంగతి తెలుసు. గోడలు పూర్తిగా లేపాకే తలుపుకు కంత కోసేవారు. కోసే ముందు ఇరుపక్కలా నిలువు చెక్కలు పెట్టి దుంగలకు కర్ర చీలలు దిగగొట్టేవారు, కోశాక దుంగల చివరలు కదలకుండా. గోడ కుంగితే సందుల్లో మట్టి పగులుతుంది. అందుకే ప్రతి ఏడూ చలి రాకముందు ఇంటిల్లిపాదీ బకెట్లతో మట్టి కలిపి మళ్ళీ మెత్తేవారు. అది ఒకసారి చేసి వదిలేసే పని కాదు.

ఈ మట్టి గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఏమనుకోకండి, నాకు దీని మీద కోపం ఉంది. కొన్నేళ్ళ క్రితం మేము ఒక ఇంటి మరమ్మతుకు వెళ్ళాం. అంతకు ముందు ఎవరో ఒక గుత్తేదారు ఆ పాత మట్టినంతా గోకేసి, గట్టిగా ఉంటుందని సిమెంటు కూరి వెళ్ళాడు. చూడటానికి ఎంతో శుభ్రంగా ఉంది. అడుగు దుంగను స్క్రూడ్రైవర్‌తో పొడిచాను. పిడి దాకా దిగిపోయింది. పైన అరంగుళం పెంకు తప్ప లోపల అంతా పొడి. సిమెంటు కదలదు, కలప వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుంటూ కదులుతూనే ఉంటుంది. ఆ రెంటి మధ్య వెంట్రుక వాసి చీలిక వస్తుంది. నీళ్ళు అందులోంచి లోపలికి వెళతాయి, తిరిగి వచ్చే దారి లేదు. మట్టీ సున్నమూ ఇసుకా కలిపిన పాత పూత అలా కాదు. తడి పీల్చుకుంటుంది, తడి వదులుతుంది, పగిలితే చేత్తో సరిచేసుకోవచ్చు. 1820లో నిలబడ్డ చేవ గల దుంగను ఒక్క సిమెంటు బస్తా ముప్పై ఏళ్ళలో తినేసింది. ఆ ఇంటిని జాకీల మీద లేపి అడుగు దుంగలు రెండు మార్చడానికి మాకు ఒక ఎండాకాలం పట్టింది. మీ ఊళ్ళో పాత మట్టి మిద్దెలకు సిమెంటు పూసేవారు ఎవరైనా ఉంటే మీ నాన్నగారిని ఈ మాట వాళ్ళకు చెప్పమనండి.

గోడలు లేపడం ఒక్క మనిషి వల్ల కాదు. భార్యాభర్తలు ఎద్దును కట్టి దుంగలను ఈడ్చుకొచ్చి పోగుచేసుకునేవారు. లేపే రోజున మైళ్ళ దూరం నుంచి ఇరుగుపొరుగు వచ్చేవారు. నేర్పరులు నలుగురు నాలుగు మూలల మీద ఎక్కి గాళ్ళు తొలిచేవారు. మిగతావారు ఏటవాలుగా వేసిన వాసాల మీద దుంగలను కింది నుంచి పైకి దొర్లించేవారు, పంగల కర్రలతో తోస్తూ. మన పల్లెల్లో బదులు పనికి వెళ్ళినట్టే. కూలి లేదు, భోజనమూ విస్కీ ఉండేవి, రేపు వాళ్ళింటికి నువ్వు వెళ్ళాలి. ఇలా ఒక్క రోజులో గోడలు లేచేవి. కప్పు ఆ తర్వాత. ఓక్ మొద్దులను నాలుగడుగుల ముక్కలుగా కోసి, ఫ్రో అనే చీల్చుడు కత్తిని నారవెంట పెట్టి పై నుంచి కర్ర సమ్మెటతో కొడితే పలకలు పలకలుగా విడిపోతాయి. వాటిని కప్పు మీద పరిచి, ఎగిరిపోకుండా పై నుంచి బరువైన వాసాలు అడ్డంగా పెట్టేవారు. కప్పుకూ మేకు లేదు. అయితే ఆ పలకల సందుల్లోంచి నక్షత్రాలు కనిపించేవి. అటక మీద పడుకున్న పిల్లల దుప్పట్ల మీద పొద్దున్నే మంచు పొడి ఉండేదని పెద్దయ్యాక ఎంతోమంది రాసుకున్నారు.

మొదటి క్యాబిన్‌కు నేల అంటే నేలే. కిటికీ ఉంటే దానికి నూనెలోనో కొవ్వులోనో తడిపిన కాగితం. పొగగొట్టం కర్రలు పేర్చి మట్టి మెత్తినది. మట్టి రాలిందంటే కర్రలు అంటుకుంటాయి. అందుకే కొందరు దాన్ని గోడకు కాస్త ఎడంగా వాలేలా కట్టి, గుంజలతో ఊతమిచ్చేవారు. నిప్పు అంటుకుంటే ఆ గుంజలు తన్నేసి పొగగొట్టాన్ని ఇంటికి దూరంగా పడదోయడానికి. తెల్లారేసరికి ఇల్లు మిగిలితే చాలు, పొగగొట్టం మళ్ళీ కట్టుకోవచ్చు.

చలి సంగతి అనుభవంతో చెబుతాను. ఒక జనవరి రాత్రి మేము నలుగురం బాగుచేసిన ఇంట్లోనే పడుకున్నాం. బయట సున్నాకు పది డిగ్రీలు కింద. పొయ్యి నిండా మంట. మంట ఎదురుగా ముఖం కాలుతుంది, వీపు వణుకుతుంది. కారణం తేలిక. మంట ఎంత పెద్దదైతే పొగగొట్టం లోపలి గాలిని అంత బలంగా పైకి లాగుతుంది, ఆ మేరకు చల్లగాలి గోడ సందుల్లోంచి, తలుపు కింద నుంచి లోపలికి దూరుతుంది. గదిని వెచ్చచేసే మంటే గదిలోకి చలిని పిలుస్తుంది. తెల్లవారుజామున బకెట్లో నీళ్ళు గడ్డకట్టాయి. వాళ్ళు గదిని వెచ్చగా ఉంచుకుని బతకలేదు. ఒకరి వెచ్చదనంలో ఒకరు బతికారు. ఒకే మంచంలో నలుగురు పిల్లలు పడుకోవడానికి చోటు లేకపోవడం ఒక్కటే కారణం కాదు.

అబ్రహాం లింకన్ ఇల్లు దీనికి మంచి ఉదాహరణ. 1809లో కెంటకీలో పుట్టాడు, ఒక్క గది క్యాబిన్‌లో. 1816లో వాళ్ళు ఇండియానా అడవికి వచ్చారు. దిగగానే వేసుకున్నది క్యాబిన్ కూడా కాదు, మూడు వైపులే మూసి, నాలుగో వైపు మంట వేసుకునే పంచ లాంటిది. 1818 అక్టోబరులో తల్లి నాన్సీ చనిపోయింది. పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. మరుసటి ఏడు తండ్రి థామస్ ముగ్గురు పిల్లలున్న సారా అనే వితంతువును పెళ్ళి చేసుకుని తెచ్చాడు. అప్పుడు ఆ ఒక్క గదిలో ఎనిమిది మంది. సారా వచ్చీ రాగానే నేలకు చెక్కలు వేయించిందనీ, కిటికీ పెట్టించిందనీ చెబుతారు. నాకు ఆ మాట నమ్మబుద్ధవుతుంది. ఈ ఇళ్ళలో నేను చూసిన ప్రతి మెరుగు వెనుకా, అల్మారా, చూరు కింద కొక్కేలు, పొయ్యి పక్కన గూడు, వాటితో నిత్యం పనిపడ్డ మనిషి చెయ్యి కనిపిస్తుంది.

నాన్సీ ఎలా చనిపోయిందో చెప్పాలి, ఎందుకంటే తోడేళ్ళూ ఎలుగుబంట్ల కంటే ఇలాంటివే ఈ మనుషులను ఎక్కువ బలిగొన్నాయి. ఒహాయో, ఇండియానా, ఇలినాయ్ అడవుల్లో వైట్ స్నేక్‌రూట్ అనే మొక్క ఉంటుంది. వేసవి చివర తెల్లటి చిన్న పూలు పూస్తుంది. గడ్డి ఎండిపోయిన ఏడు ఆవులు అడవి లోపలికి పోయి దాన్ని మేస్తాయి. ఆ విషం పాలలోకి వస్తుంది. ఆ పాలు తాగిన మనిషికి నీరసం, వణుకు, వాంతులు, కొన్ని రోజుల్లో మరణం. పాల రోగం అన్నారు. ఊళ్ళకు ఊళ్ళు లేచిపోయాయి. పాలే విషమని తెలియక, నీరసించిన మనిషికి బలం కోసం ఇంకొంచెం పాలు పట్టిన ఇళ్ళు ఎన్ని ఉంటాయో. స్థానిక జాతులకు ఆ మొక్క సంగతి తెలుసు. ఇలినాయ్‌లో ఆనా బిక్స్‌బీ అనే మంత్రసానికి ఒక షానీ జాతి స్త్రీ ఆ మొక్కను చూపించిందని ప్రతీతి. ప్రయోగశాలలో ఆ విషాన్ని నిర్ధారించింది మాత్రం 1920లలో. నాన్సీ పోయిన వందేళ్ళ తర్వాత.

దానికి తోడు మలేరియా. చిత్తడి నేలలు, దోమలు. మన ఏజెన్సీ ప్రాంతాల్లోలాగే ఒక రోజు చలిజ్వరం, ఒక రోజు విరామం. జ్వరం రాని రోజు పొలం పని, వచ్చే రోజు మంచం, అలా లెక్క వేసుకుని బతికారు. 1832 నుంచి మిసోరీలో డాక్టర్ జాన్ సాపింగ్టన్ క్వినైన్ మాత్రలు అమ్మడం మొదలుపెట్టాకే కొంత ఊరట.

తిండి సంగతి క్లుప్తంగా చెబుతాను. మొక్కజొన్న, పంది మాంసం, మళ్ళీ మొక్కజొన్న. చెట్లన్నీ నరికేదాకా ఆగితే పంట ఉండదు కాబట్టి చెట్టు చుట్టూ బెరడు వలయంగా ఒలిచేసి, అది ఎండి ఆకు రాల్చాక ఆ మోళ్ళ మధ్యే విత్తేవారు. మరకు మైళ్ళు వెళ్ళాలి. అందుకే పెద్ద మొద్దును గుంటగా కాల్చి తొలిచి రోలు చేసుకుని, వంచిన పిల్లచెట్టు కొమ్మకు రోకలి కట్టి దంచేవారు. కొమ్మే రోకలిని పైకి లాగేది. మీ అమ్మగారికి ఇది నచ్చుతుంది. పందులను అడవిలోకి వదిలితే ఓక్ కాయలు తిని బలిసేవి. ఉప్పు మాత్రం బంగారమే. ఒహాయోలో సయోటో ఉప్పు ఊటల దగ్గర నీళ్ళు మరిగించి తీసేవారు.

ఆడవారి పని ఎవరూ లెక్క కట్టలేదు. నారమొక్క పండించి, ఊరబెట్టి, చిదిపి, వడికి, దాన్ని పడుగుగా వేసి ఉన్ని పేకతో నేస్తే ఒక చొక్కాకు గుడ్డ. బూడిదలో నీళ్ళు పోసి దించిన క్షారంతో, పంది కొవ్వుతో సబ్బు. ఇవన్నీ చంకలో బిడ్డతో, కడుపులో బిడ్డతో. మగవాడు గోడ లేపింది ఒక్క రోజులో. ఆ గోడల మధ్య బతుకును నిలబెట్టడానికి ఆమెకు ప్రతి రోజూ పట్టింది.

మీ నాన్నగారు అడగని ప్రశ్న ఒకటి ఉంది. ఆయన అడగకపోయినా నేను చెప్పకుండా ముగించలేను. ఈ అడవి ఖాళీగా లేదు. షానీ, మయామీ, లెనాపే జాతులు ఇక్కడ మొక్కజొన్న పండిస్తూ ఊళ్ళలో ఉన్నాయి. 1794లో ఫాలెన్ టింబర్స్ యుద్ధంలో అమెరికా సైన్యం చేతిలో ఓడాక, 1795లో గ్రీన్‌విల్ ఒప్పందంతో ఒహాయోలో చాలా భాగం వదులుకున్నారు. ఎనిమిదేళ్ళు తిరగకుండానే ఒహాయో రాష్ట్రమైంది. దక్షిణాన చెరొకీ జాతివారు తామే దుంగల ఇళ్ళు కట్టుకుని, తోటలు వేసుకుని స్థిరపడ్డారు. 1832లో జార్జియా రాష్ట్రం ఆ భూములను లాటరీలో పంచిపెట్టింది. 1838లో సైన్యం వాళ్ళను సొంత ఇళ్ళ నుంచి తరిమింది. పశ్చిమానికి సాగిన ఆ దారిలో సుమారు నాలుగు వేల మంది చనిపోయారని అంచనా. వాళ్ళ ఇళ్ళలో వేరేవాళ్ళు కాపురం పెట్టారు. ఇంకో సంగతి, దుంగల ఇల్లు అనగానే స్వేచ్ఛ గల రైతు గుర్తొస్తాడు కానీ దక్షిణాది బానిసలు బతికిందీ అలాంటి గదుల్లోనే. తర్వాత పేరుపొందిన నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ 1856లో వర్జీనియాలో పుట్టింది సుమారు 14 అడుగులకు 16 అడుగుల దుంగల గుడిసెలో. నేల మట్టి. అదే గాడి, అదే మట్టి పూత. ఆ దుంగలు కొట్టినవాడికి అందులో ఒక్క పేడు కూడా సొంతం కాదు.

మరి ఇంత కష్టపు ఇల్లు గర్వచిహ్నం ఎలా అయింది? అందులో బతికినవాళ్ళ వల్ల కాదు. వాళ్ళకు వీలు చిక్కగానే గోడల మీద పలకలు కొట్టి దుంగలను కప్పేసుకున్నారు. మీరు చూసిన ఇల్లు కూడా బహుశా అలా పలకల కింద దాగి ఉండబట్టే వానకు తట్టుకుని మిగిలింది. కీర్తి తెచ్చింది 1840 అధ్యక్ష ఎన్నికలు. విలియం హెన్రీ హారిసన్ వర్జీనియాలో పెద్ద భవంతిలో పుట్టినవాడు. ఆయన అనుచరులు బండ్ల మీద బొమ్మ క్యాబిన్లు ఊరేగించి గెలిపించారు. పదవిలో ఒక్క నెలే ఉండి మరణించాడు. గుర్తు మాత్రం ఉండిపోయింది. కెంటకీలో లింకన్ స్మారక భవనంలో పాలరాతి గోడల మధ్య ఉంచిన క్యాబిన్ కూడా ఆయన పుట్టినది కాదు. చెట్టు వలయాలు లెక్కిస్తే ఆ దుంగలు 1840ల నాటివని తేలింది. ఇప్పుడు దాన్ని ప్రతీక అనే చెబుతున్నారు, అది నిజాయితీ గల పని.

సినిమాల్లో ఎండిన మైదానాల మధ్య దుంగల ఇల్లు కనిపిస్తే నమ్మకండి. 1862 హోమ్‌స్టెడ్ చట్టంతో 160 ఎకరాల కోసం నెబ్రాస్కా వెళ్ళినవారికి చెట్లే లేవు. గడ్డి వేళ్ళతో పెనవేసుకున్న మట్టి పెళ్ళలను ఇటుకల్లా కోసి గోడ పెట్టుకున్నారు. దొరికినదానితో కట్టుకోవడం అక్కడా అదే.

మళ్ళీ వెళ్ళినప్పుడు మీ నాన్నగారికి మూడు చోట్లు చూపించండి. గోడ మీద పడే పక్క వెలుతురులో, ఉదయం గానీ సాయంత్రం గానీ, దుంగ మీద జానెడు ఎడంలో అడ్డంగా గాట్లు కనిపిస్తాయి. అవి బొగ్గు తాడుతో గీత కొట్టి, మామూలు గొడ్డలితో గీత దాకా వేసిన గాట్లు. వాటి మధ్య మిగిలిన చెక్కను ఒక పక్కే పదును గల వెడల్పాటి గొడ్డలితో ఊడదీశారు. చెయ్యి దుంగకు గీసుకోకుండా దాని పిడి పక్కకు వంచి ఉంటుంది. తర్వాత అడుగు దుంగ కింద వంగి చూడండి, రాయి మీద ఉందా, నేలకు తగులుతోందా అని. ఆ ఇంటి ఆయుష్షు అక్కడ తెలిసిపోతుంది. చివరగా తలుపు. చిన్న కంతలోంచి తోలు తాడు బయటికి వేలాడుతుంటే లాగమనండి, లోపలి గడియ లేస్తుంది. రాత్రి ఆ తాడును లోపలికి లాక్కుంటే తలుపు బిగించుకున్నట్టే. పగలు తాడు బయట ఉందంటే ఎవరైనా రావచ్చని.

వాళ్ళ తిరుగు ప్రయాణం అక్టోబరు చివర అన్నారు కదా. అక్టోబరు రెండో వారంలో మేము ఒక ఇంటికి ఉత్తరం వైపు అడుగు దుంగ మారుస్తున్నాం. తెల్ల ఓక్, పద్దెనిమిది అడుగులు, ఇంకా పచ్చిగానే ఉంది. కుదిరితే తీసుకురండి. వెడల్పు గొడ్డలి ఆయన చేతికి ఇస్తాను.